తెల్లదారం మిరపకాయలు

మొన్న మా మేడ మీది మిరపకాయలు రంగు తిరిగాయి. అవి తిరిగేదాకా నాకు కాలు ఒకచోట నిలవలేదు. పొద్దున కాఫీ కలపకముందే పైకి వెళ్లి చూడటం, బట్టలు ఆరేసే వంకతో మళ్లీ వెళ్లడం, ఎండ దిగాక నీళ్లు పోసే వంకతో ఇంకోసారి. ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు నడిపే మా ఆయనకి ఇది బొత్తిగా మింగుడుపడలేదు. "చెట్టు నిండా కాయలు పెట్టుకుని పప్పులోకి పచ్చిమిరపకాయలు మార్కెట్ నుంచి తెమ్మంటావేంటి? పైనవి ఫొటోలు తీసుకోటానికా?" అని రోజూ దెప్పారు. పచ్చిగా ఉండగా ఒక్క కాయనీ ముట్టుకోనివ్వలేదు మరి. పండితేగాని అది ఏ మిరపో తెలియదు. అది తెలియడం నాకెందుకంత అవసరమంటే మా మేనత్త దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

మా మేనత్త దివిసీమలో ఒక ఊరి మిషన్ బడిలో టీచరు. పెళ్లి చేసుకోలేదు. కాలవ గట్టున రెండు గదుల పెంకుటిల్లు, వెనక పెరడు, పెరట్లో బెండ, గోంగూర, ఒక వరస మిరప. నా వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి. ఆ మిరపకాయ పొట్టిగా, ముడతలు పడి, కొస లోపలికి వంకర తిరిగి ఉండేది. ఎర్రబడేముందు చింతపండు రంగులోకి వచ్చేది. అది ఏ రకం అని ఎవరైనా అడిగితే, "మిరపకాయకి మిరపకాయనే పేరు చాల్లే" అనేది. మహా కారమని గుర్తు. ఎలాంటి కారమంటే మాత్రం చెప్పలేను. చిన్నప్పుడు నాకు అన్నీ కారమే. ఏటా చర్చిలో కోత పండగకి ఎవరి పెరట్లో పండింది వాళ్లు తెచ్చి ఇస్తారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. గుమ్మడికాయలూ కోడిపెట్టలూ తెచ్చేవాళ్ల మధ్య మా అత్త ఒక మిరపకాయల దండ పట్టుకుని ఠీవిగా నడిచేది.

వంటకి వాడే కాయలు అత్త కారం కొట్టి డబ్బాలో పోసేది. విత్తనానికి ఎంచిన కాయలు మాత్రం తెల్లదారంతో దండ కట్టి, పురుగు పట్టకుండా పొయ్యి పైన పొగలో వేలాడదీసేది. ఆ తెల్లదారం జోలికి వెళ్లకూడదని మా ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క మా పిన్నికి తప్ప. పిన్నంటే మా బాబాయి భార్య. అప్పటికి కొత్తగా కాపురానికి వచ్చింది. అత్త పోయాక అదే ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు, ప్రార్థన చేసి ఇంటివాళ్లని ఓదార్చి భోజనాలు పెట్టడం. ఊరూ బంధువులూ వచ్చారు. మాంసం కూరలో కారం చాలలేదని ఎవరో అంటే, డబ్బా ఎక్కడుందో తెలియని పిన్ని పొయ్యి మీది దండ దింపి, తొడిమలు తీసి, నూరి కూరలో కలిపేసింది. కూర అద్భుతంగా ఉందని అందరూ మారు వడ్డించుకున్నారు. సాయంత్రానికి మా అమ్మ దండ కోసం వెతికితే దారమే మిగిలింది. మా నాన్న అందరి ముందూ, "అక్క మొన్న పోయిందనుకున్నా. ఇవాళ పోయింది" అన్నారు. పెరట్లో మొక్కలు అప్పటికే ఎండిపోయి ఉన్నాయి. ఆ రోజు నుంచి పిన్ని ఏ బంధువు ఇంటి వంటింట్లోనూ అడుగుపెట్టలేదు. ఏ శుభకార్యానికైనా వచ్చి, ముందు వరసలో కుర్చీలో, పరాయివాళ్లలా కూర్చుని వెళ్లిపోతుంది. ఆవిడ అలా కూర్చోవడం చూసినప్పుడల్లా నాకు నా కుర్చీలో ముళ్లు మొలిచినట్టుండేది.

పోయినేడు విజయవాడలో మా చర్చి కోత పండగకి వేలంలో ఒక చిన్న కాగితం పొట్లం వచ్చింది. "దివిసీమ నుంచి వచ్చిన మిరప విత్తనాలండీ, ఎవరిచ్చారో పేరు రాయలేదు" అని సంఘ పెద్ద చెయ్యెత్తి చూపించగానే నేను కూర్చున్నచోట ముందుకి జరిగాను. అత్త దండలు అక్కడి వేలంలో ఎవరెవరి ఇళ్లకి వెళ్లాయో! మా ఆయన మోచేత్తో పొడుస్తున్నా వినకుండా పాడి నేనే దక్కించుకున్నాను. తొలకరికి నారు పోశాను. కాయ పొట్టిగా వచ్చింది, ముడతలూ వచ్చాయి. కొస వంకర తిరిగిందా లేదా అన్నది చూసిన పూటను బట్టి మారేది. మిద్దె తోటల గ్రూపులో ఫొటో పెడితే ఒకాయన కర్ణాటక బ్యాడిగి రకం అన్నారు, ఒకావిడ అలంకారానికి పెంచే మొక్క అంది, ఇద్దరూ పోట్లాడుకుని గ్రూపులోంచి వెళ్లిపోయారు. వన్ టౌన్‌లో మిరపకాయల షాపాయన కాయ తుంచి వాసన చూసి, "విత్తనం తీసిన పెరట్లో పక్కన ఏ మిరప ఉందోనండీ? పుప్పొడి కలిసిపోయుంటది" అని చేతులు దులుపుకున్నాడు. ఎర్రబడేముందు చింతపండు రంగు మాత్రం వచ్చింది. ఇక ఆగలేక, ఆ కాయని ఆఖరిసారి నూరింది పిన్నేగా అని, పండినవి కోసుకుని పిన్ని వాళ్లుండే కొండపల్లికి బస్సెక్కాను.

బాబాయి థర్మల్ స్టేషన్‌లో రిటైరై అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. కాయలు చూడగానే పిన్ని మొహం పాలిపోయింది. నాలుగు కాయలు తీసుకుంది. రోట్లో ఉప్పు, చింతపండు, రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి నూరి, వేడన్నంలో కలుపుకుని ఒక్క ముద్ద తిని, కళ్లు మూసుకుని కూర్చుంది.

"కాదమ్మా" అంది.

"అదేనని చెప్పెయ్యరాదే? ఇన్నాళ్ల గొడవ తీరిపోద్ది" అన్నాడు బాబాయి.

"వదిన కాయ విషయంలో అబద్ధమాడలేనండీ. ఇది నోట్లో పెట్టగానే అరుస్తంది. అది అట్టా కాదు. ముద్ద మింగేదాకా ఊరుకునేది, ఆనక గొంతులో మెల్లగా అంటుకునేది. చివర్న కాస్త తీపి. ఆ రోజు కూర రుచి చూసింది నేనేగా. చూడగానే తెలిసిపోయింది, అది వదిన దారం కట్టి దాచుకున్న కాయని. అప్పటికే ఉడికిపోయింది. ఏం చేయను? నేనే అందరికీ వడ్డించా."

నాకు ఏడుపొచ్చింది. పిన్ని మాత్రం మిగిలిన పండ్లలోంచి మంచివి ఏరి, లోపలికి వెళ్లి తెల్లదారం తెచ్చి, దండ గుచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది మనది కాకపోతే ఏం? ఎవరో ఒకళ్ల వదినదే అయ్యుంటదిగా. పొగ తగిలేచోట కట్టు."

మా ఇంట్లో పొగ ఎక్కడిది, గ్యాస్ పొయ్యి. "కట్టడం నాకు రాదు, నువ్వే వచ్చి కట్టిపెట్టు" అన్నాను. "మీ వంటింట్లోకా?" అని నా మొహం చూసి, చెప్పులేసుకుంది. ఇప్పుడు ఆ పేరు లేని దండ మా పొయ్యి పైన వేలాడుతోంది. దారి పొడవునా బస్సులో పిన్నిని అత్త కారం గురించే అడిగాను, ఆవిడ చెప్తూనే ఉంది. అత్త కారం ఆ కూరతోనే అయిపోయిందని ఇన్నేళ్లూ అనుకున్నాం. అది పిన్ని నాలుక మీద, మేమెవరం అడగక, అలాగే ఉండిపోయింది.