మన్మథరావు గారి నిమిషం లెక్క

మన్మథరావు గారిది ఒక్కటే పిచ్చి. టీవీలో ఆటల పోటీలు నడిపే యాంకరుకి ఎపిసోడుకి ఎంత ముడుతుంది? అంతే. పోటీలో ప్రశ్నేమిటో, జవాబేమిటో, గెలిచిందెవరో ఆయనకి అక్కర్లేదు. ఆఖరి ప్రశ్న దగ్గర ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి కూర్చున్నా, ఈయన మాత్రం కోటు వేసుకున్న యాంకరు వైపే చూస్తూ వేళ్లు మడుస్తూ ఉంటాడు.

ఆ అంకె ఎవరూ పైకి చెప్పరు. పేపర్లో ఒకటి రాస్తారు. యూట్యూబ్‌లో దానికి మూడింతలు చెబుతారు. మన్మథరావు గారు అన్నీ విని, సగం అబద్ధమని కొట్టేసి, "ఐదు లక్షలు ఏసుకో" అని ఖాయం చేశాడు. ఏ చానలైనా, ఏ యాంకరైనా ఐదు లక్షలే. పాపం ఆ యాంకర్లకు తెలియదు గానీ, నర్సీపట్నంలో వాళ్ల జీతం ఎప్పుడో నిర్ణయమైపోయింది.

ఆయన ముప్పై ఒక్క ఏళ్లు చక్కెర ఫ్యాక్టరీ కాటాలో పనిచేసి రిటైరయ్యాడు. చెరుకు ట్రాక్టర్లను తూచి తూచి, లక్షంటే ఆయన కళ్లకు ఆనడం మానేసింది. ట్రాక్టర్లలోకి దింపితేనే ఆనుతుంది.

"ట్రాక్టరుకి ఎనిమిది టన్నులు. పాతికవేలు ఏసుకో. ఆ కోటోడు ఒక ఎపిసోడు సేస్తే ఇరవై ట్రాక్టర్ల సెరుకు. రోజుకి ఐదు ఎపిసోడ్లు తీసేస్తారంట. కోటు మార్సితే ఎపిసోడు మారినట్టే. ఎంతయింది? వంద ట్రాక్టర్లు. మా కాటా కాడ వంద ట్రాక్టర్లు ఆగితే లైను మెయిన్ రోడ్డెక్కీసీది."

ఆయన భార్య వరహాలక్ష్మి ఇది రోజూ వింటుంది. ఒకనాడు టీవీలో ఓడిపోయిన అమ్మాయి ఏడుస్తుంటే ఆవిడకూ కళ్లు చెమర్చాయి.

"ఆ పిల్లని సూస్తే మీకు జాలి నేదేటండి?"

"రెండు నిమిషాలు ఏడిసింది. ఎపిసోడు ముప్పావుగంట. నిమిషానికి పదకొండు వేలు. అంటే ఇరవై రెండు వేలు ఆడికి. ఊరుకో అమ్మా అన్నాడు, అంతే."

"మరి ఆ పిల్లకి?"

"హాట్‌బాక్సు."

ఒకసారి బీపీ చూపించుకోవడానికి వెళ్లి, డాక్టరు చేతికి పట్టీ చుడుతుండగా మొదలుపెట్టాడు. "డాట్రుగారూ, టీవీలో యాంకరు నమస్కారం పెడితే మూడు సెకన్లు. ఐదొందల యాభై ఏసుకోండి. తమ ఫీజెంతండీ?" మూడొందలు అన్నాడు డాక్టరు. "అయితే ఒక నమస్కారంలో సగం పైన." డాక్టరు పట్టీ విప్పడం మర్చిపోయి కాసేపు గోడకేసి చూశాడట. తర్వాతి పేషెంటు లోపలికి వెళ్లేసరికి డాక్టరు పట్టీ తన చేతికే చుట్టుకుంటున్నాడని ఊళ్లో చెప్పుకున్నారు. పట్టీ సంగతి అబద్ధమై ఉండొచ్చు. గోడకేసి చూడడం మాత్రం నిజం.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. నష్టమల్లా పక్కింటి వెంకటదుర్గకే.

దుర్గ కూడా యాంకరే. ఊరి కేబుల్ చానల్లో వారానికి రెండుసార్లు 'గుమ్మంలో బహుమతి' అనే కార్యక్రమం నడుపుతుంది. కెమెరాతో ఓ ఇంటికి వెళ్లడం, ఆడవాళ్ల చేత నిమిషంలో గాజులు దారానికి ఎక్కించడం, గ్లాసులు పేర్పించడం, గెలిచినావిడకి బట్టల షాపు వారి చీర ఇవ్వడం. డిగ్రీ అయ్యాక ఇంకే పనీ దొరక్క మైకు పట్టుకుంది గానీ, పట్టుకున్నాక తెలిసింది, తనకు ఇదే పనని. ఆ మైకు చేతిలో ఉంటే దుర్గ ఎవరినైనా నవ్విస్తుంది. రావికమతంలో పలకరిస్తే తలెత్తని ముసలమ్మ చేత డాన్సు చేయించింది.

డబ్బుల దగ్గరే పేచీ. చానలు యజమాని గణేశ్వరరావు దుర్గకి డబ్బులివ్వడు. సన్మానం చేస్తాడు. ప్రతి ఎపిసోడు చివరా కెమెరా ముందుకొచ్చి శాలువా కప్పి, ఏటికొప్పాక లక్క బొమ్మొకటి చేతిలో పెట్టి, "మన ఊరి ఆడపడుచు" అని దండం పెడతాడు. దండం పెట్టిన మనిషిని డబ్బులెలా అడగడం? ఏడాదిలో తొంభై ఆరు శాలువాలయ్యాయి. దుర్గ తల్లి అప్పలకొండమ్మ వాటిని బియ్యం బస్తాల మీద కప్పింది, కిటికీలకు కట్టింది, చివరికి చలికాలంలో గేదెకు కప్పింది. ఆ వీధిలో గేదెకు జరిగినంత సన్మానం మనిషికి జరగలేదు.

ఈ సంగతి దుర్గ ఎవరికీ చెప్పలేదు. టీవీలో కనపడే పిల్లకి జీతం లేదంటే నామోషీ. మన్మథరావు గారేమో ఆమె కనపడితే చాలు, అబీద్ సెంటర్లో జనం మధ్యలోనైనా సరే, కాటా మీద నుంచి ట్రాక్టరు డ్రైవరును కేకేసినట్టు కేకేసేవాడు.

"దుర్గమ్మా, ఎపిసోడుకెంత?"

"బస్సు ఎల్లిపోతాది మావయ్యా," అని దుర్గ తప్పుకునేది.

"బస్సు మరోటి వస్తాది. ఎపిసోడుకెంత?"

ఆయన గేటు దగ్గర కూర్చుని ఉంటే దుర్గ పెరటి దారిన బయటపడేది. వారం తిరక్కుండా ఆయన కుర్చీ పెరటివైపు మార్చాడు. తర్వాత ఆమె మళ్లీ ముందువైపు నుంచి వెళ్లింది. కుర్చీ కూడా వచ్చింది.

ఓ ఆదివారం అప్పలకొండమ్మ జీడిపిక్కలు కొడుతూ, తల ఎత్తకుండా చెప్పింది. "అనకాపల్లిలో బట్టల షాపు క్యాషియరు పనుందంట. నెలకి తొమ్మిది వేలు. ఒకటో తారీకు నించి ఎల్లు."

"మరి నా షో?"

"షో కడుపుకేటి పెడతాది? కప్పుకోడానికి పెట్టింది, సాలు. ఆ తొమ్మిది వేలు ఆ గణేశ్వరరావునే ఇమ్మను, నీ మైకు నీ సేతిలోనే ఉంటాది. నాను కాదన్ను."

ఒకటో తారీకుకి పన్నెండు రోజులుంది. దుర్గ మూడుసార్లు గణేశ్వరరావు ఆఫీసుకి వెళ్లింది. మూడుసార్లూ ఆయన కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టాడు. మూడుసార్లూ తిరిగొచ్చింది.

అప్పుడే వినాయక చవితి కమిటీ వాళ్లు పుస్తకం పట్టుకుని వచ్చారు. వీధిలో అందరికీ రెండొందలు రాసి, దుర్గ పేరు దగ్గర పదకొండు వేలు రాశారు.

"ఇదేటి బాబూ?" అంది అప్పలకొండమ్మ.

"నీ కూతురికి నిమిషం పనే గదా పిన్నీ. యాంకర్లకి నిమిషానికి పదకొండు వేలంట."

దుర్గకి ఒళ్లు మండింది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడగక్కర్లేదు. పక్కింట్లోకి విసవిసా వెళ్లింది. మన్మథరావు గారు టీవీ ముందు వేళ్లు మడుస్తున్నాడు.

"మావయ్యా, మీ నోటి వల్ల నాను రోడ్డు మీద తిరగలేకపోతన్నాను. ఊరంతా నాకు లక్షలొస్తన్నాయనుకుంటన్నారు."

"రావేటి? యాంకరువి గదా," అన్నాడాయన, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "ఎపిసోడుకెంత?"

"శాలువా," అంది దుర్గ. "శాలువా, లక్క బొమ్మ. రూపాయి నేదు. సాలా? ఒకటో తారీకు నించి అనకాపల్లి ఎల్లిపోతన్నాను. ఇంక ఎవర్నడుగుతారో అడుక్కోండి."

మన్మథరావు గారు రిమోట్ తీసి టీవీ కట్టేశాడు. లెక్క వేయలేదు. ట్రాక్టర్ల మాట ఎత్తలేదు. దుర్గను ఒకసారి చూసి, "ఏడాది అడిగితే ఇప్పటికి సెప్పినావు. బేగి ఇంటికెల్లు, మీ అమ్మ పిలుస్తంది," అన్నాడు. అప్పలకొండమ్మ పిలవలేదు.

రెండు రోజుల తర్వాత గణేశ్వరరావు దగ్గర కేబుల్ బిల్లులు వసూలు చేసే పైడిబాబు చెమటలు కక్కుకుంటూ దుర్గ ఇంటి అరుగు మీద కూలబడ్డాడు.

"దుర్గక్కా, మంచినీళ్లియ్యి. నీకో దండం. పెదబొడ్డేపల్లి మొత్తం తిరిగినాను, ఒక్క బిల్లు రాలేదు."

"నాకేటి సంబంధం పైడిబాబూ?"

"డబ్బులు సేత్తో పట్టుకునే ఉంటన్నారు. ఇయ్యరు. బిల్లు ఇస్తాం గానీ ముందు మా దుర్గకి ఎపిసోడుకెంతిస్తన్నారో సెప్పు అంటన్నారు. తెల్దంటే, తెలుసుకుని రా అంటన్నారు. ఇస్త్రీ బండాయన అడిగినాడు. ఇడ్లీల సింహాద్రమ్మ అడిగింది. డాట్రుగారైతే పేషెంట్లని కూకోబెట్టి మరీ అడిగినాడు."

"వాళ్లకెవరు సెప్పినారు?"

"ఇంకెవరు, మీ మావయ్య. నాకన్నా ముందు ఇంటింటికీ ఎల్లి, శాలువా లెక్క సెప్పి వస్తన్నాడు. మధ్యాన్నం ఎండలో, గొడుగేసుకుని. కృష్ణదేవిపేట ఆటోల కాడ కూడా నిలబడి సెప్తన్నాడంట."

మర్నాడు గణేశ్వరరావు కబురు పెట్టాడు. దుర్గ వెళ్లేసరికి ఆయన కుర్చీలోంచి లేవలేదు. నమస్కారమూ పెట్టలేదు. మంచి శకునమే అనుకుంది దుర్గ.

"ఏటమ్మా, ఊరంతా యూనియన్ కట్టించీసినావు. నాను నిన్ను ఇంటి పిల్లలా సూసుకోలేదేటి?"

"సూసుకున్నారండి. అందుకే ఏడాది అడగలేదు."

"సర్లే. ఎపిసోడుకి ఐదొందలు తీసుకో."

ఐదొందలంటే నెలకి నాలుగు వేలు. అమ్మ అనకాపల్లి బస్సే ఎక్కిస్తుంది. దుర్గ బుర్రలో వెతుక్కుంది. ఏడాదిగా గోడ అవతలి నుంచి చెవిలో పడుతున్న లెక్కొకటే దొరికింది.

"ఎపిసోడు ముప్పై నిమిషాలండి. నిమిషానికి యాభై ఏసుకోండి. పదిహేనొందలు. ఆ యాభై ఆటలు ఆడించినందుకే, ఏడిసినోల్లని ఊరుకోబెట్టినందుకు ఏటీ అక్కర్లేదు."

గణేశ్వరరావు తల పట్టుకున్నాడు. ఆయనకూ ఆ గొంతు ఎవరిదో తెలిసింది. బయట పైడిబాబు ఖాళీ సంచి దులుపుతున్నాడు. ఆ సంచి చూసి ఆయన సరేనన్నాడు.

దుర్గ తిన్నగా పక్కింటికి వెళ్లింది. వీధి గుమ్మంలో వరహాలక్ష్మి చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అత్తయ్యా, ఇంత సేసినారా మావయ్య? నాను అంత మాటనీసినాను. టీవీ పిచ్చి, ఉత్తి వాగుడు అనుకున్నాను."

"టీవీ పిచ్చేటే," అంది వరహాలక్ష్మి. "ఆ మనిషికి టీవీ అంటే ఒళ్లుమంట. వార్తలు సూసి కట్టీసేవారు. నువ్వు మైకు పట్టిన మొదటి వారం గణేశ్వరరావు కాడికెల్లి, మా పిల్లకి ఎంతిస్తారని అడిగినారు. ఆయన నవ్వీసి, యాంకర్లకి డబ్బులేటండి, పెద్ద టీవీల్లో కూడా సరదాకే సేస్తారు అన్నాడంట. నిజమో కాదో తేలుస్తానని ఆ సాయంత్రమే టీవీ ముందు కూకున్నారు. అదిగో, అలాగ పట్టుకున్నాది."

"మరి నాకు సెప్పకూడదేటి?"

"నీకు నామోషీ అని ఆయనకి తెలుసు. నువ్వు నోటితో సెప్తేనే గదా ఆయన నలుగుర్లో అడగడానికి. అందుకే అడిగిందే అడిగి సంపుకుతిన్నారు. నాను కూడా పోయినాను ఆ సెరుకు ట్రాక్టర్ల కింద పడి."

లోపల మన్మథరావు గారు పడక్కుర్చీలో ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు గానీ నిద్రపోవడం లేదని పాదం ఊగడం చూస్తే తెలుస్తోంది.

"పదిహేనొందలు మావయ్యా," అంది దుర్గ. "అనకాపల్లి మానీసినాను. అమ్మ సరేనంటాది."

ఆయన కళ్లు తెరవలేదు. "కాయితం మీద రాయించినావేటి?"

"నేదు."

"పండగ ఎపిసోడుకి డబలని సెప్పినావేటి?"

"నేదు మావయ్యా."

మన్మథరావు గారు లేచి మేకుకున్న చొక్కా అందుకున్నాడు.

"మీరు కూకోండి," అంది దుర్గ. "ఇంక నానే అడుగుతాను."

"నువ్వే అడుగు. నానేల వస్తాను? నాకు పాలపాకెట్టు కావాలి."

పాలపాకెట్లు అమ్మే కొట్టు ఎడమవైపు రెండిళ్ల అవతల ఉంది. దుర్గ కుడివైపు తిరిగి అబీద్ సెంటర్ దారి పట్టింది. ఆమె వెనక పదడుగుల దూరంలో మన్మథరావు గారు ఖాళీ సంచి ఊపుకుంటూ, ఆకాశం చూసుకుంటూ బయల్దేరాడు. గణేశ్వరరావు ఆఫీసు చేరేలోపు దారిలో మూడు పాలబూత్‌లు వచ్చాయి. ఆయన ఒక్కదాని దగ్గరా ఆగలేదు.