ఎనిమిదో నెల

పక్కింట్లో ఆముదం వెచ్చబెడుతున్నారు. ఆ వాసన గోడ దాటి వచ్చినప్పుడల్లా నా పొట్ట మీద ఒక గరుకు అరచెయ్యి ఆనినట్టుంటుంది. అది ఈరమ్మ చెయ్యి. యాపలదిన్నిలో కాన్పులు చేసే మనిషి. ఊళ్ళో సగం జనం ముఖాలు వాళ్ళ తల్లుల కంటే ముందు ఆమే చూసింది. చూసి కూడా ఈ ఊళ్ళోనే ఉండిపోయింది, అంత ఓర్పు.

నాకప్పుడు పందొమ్మిదేళ్ళు, తొలిచూలు. మా ఆయన కాలువ పనికి పోయి పదిహేను రోజులకొకసారి మట్టి రంగులో ఇంటికొచ్చేవాడు. మిగతా రోజులు ఇంట్లో నేనూ, మా అత్తా, ఆమె భయాలూ. ఆరో నెల నుంచి ఈరమ్మ వచ్చి, పొట్టకు ఆముదం రాసి, లోపలి కబుర్లు చెప్పి పోయేది. మొదటిసారి నా పక్కన ఇత్తడి పళ్ళెం మీద గరిటెతో కొట్టింది. లోపల ఒక్క ఉలుకు. చెవులు తెరుచుకున్నాయంది. అయితే ఇక మా అత్త మాటలు దానికీ తప్పవన్నమాట అన్నాను. ఏడో నెలలో రెప్పలు విడతాయంది. ఆ చీకట్లో ఏం చూస్తుందని అడిగాను.

"నీ ఇంట్ల కన్న ఎక్కువనే జూస్తది. నీ అత్త కందిలి ముట్టియ్యనిస్తదా?"

ఎనిమిదో నెల పడ్డాక వచ్చినప్పుడు ఆమె చెయ్యి పొట్ట మీద ఎక్కువసేపు ఆగింది. చర్మం కింద ఇప్పుడిప్పుడే కండ పడుతోందట. ఊపిరి అన్నిటికంటే ఆఖరున పండుతుందట. "పాలు వట్టిన జొన్నకంకి లెక్క ఉన్నది. ఇంకో నెల ఆగితె గింజ గట్టివడ్తది," అంది.

ఏడో నెలలో పుట్టిన బిడ్డ నిలుస్తుందనీ, ఎనిమిదో నెలలో పుట్టింది నిలవదనీ మా వైపు నమ్మకం. ఆశ పెరగకూడదని అట్లాంటి బిడ్డకు పాలు కూడా పట్టరు. నేను నా ధోరణిలో, ఏడో నెల కంకి కంటే ఎనిమిదో నెలది ముదురు కదా, నెల ఎక్కువున్నందుకు జరిమానానా అని అడిగాను. నా మాటలకు నవ్వే ఒకే ఒక్క మనిషి ఈరమ్మ. ఆ రోజు నవ్వలేదు. ఆముదం గిన్నె తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

పది రోజులకే మిట్టమధ్యాహ్నం నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. పిల్లికూనంత ఒళ్ళు, ముసలి పటేలు ముఖం. మా అత్త దాన్ని పాతచీరలో చుట్టి, చేటలో పెట్టి, మూలకు జరిపింది. చెడ్డమనిషి కాదు, ఆమెకు తెలిసిన పద్ధతి అది.

"ఎనిమిది గదా," అంది.

ఈరమ్మ చేతులు కడుక్కుంటోంది. ఇటు తిరగకుండానే, "ఏడే వదినా. నీ కోడలు ఒక నెల ఎక్కువ జెప్పింది," అంది.

మా అత్త వేళ్ళు మడిచి చూసుకుని నా వైపు చూసింది. నా లెక్క సరైనదేనని నాకు తెలుసు. "తప్పు జెప్పిన అత్తా," అన్నాను. లెక్క కూడా నవ్వులాటకే చేస్తావా అని తిట్టింది. తిడుతూనే చేట మూల నుంచి ఇవతలికి లాగింది.

ఆ వెంటనే చేటలోకి గింజ తీసిన పత్తి వచ్చింది, బిడ్డ ఒంటికి కాచిన ఆముదం వచ్చింది, చుట్టూ వెచ్చటి ఇటుకలు వచ్చాయి. బిడ్డకు చప్పరించే బలం లేదు. నా పాలు పిండి, వత్తితో చుక్క చుక్కగా నోట్లో వేసింది మా అత్తే. ఆరో రోజు పొద్దున, ఇంకా పండని ఆ ఊపిరి ఆగిపోయింది. ఏడో నెలది ఎట్లా పోతుందని మా అత్త ఏడుస్తూ ఈరమ్మతో తగాదా పెట్టుకుంది. ఈరమ్మ మాట మార్చలేదు.

పాలు ఇంకిపోవడానికి నా రొమ్ముకు మల్లెపూలు కడుతూ, నాకొక్కదానికే వినబడేట్టు చెప్పింది.

"నాకూ ఒకడుండె. ఎనిమిదిల వచ్చిండు. పాలియ్యకు అన్నరు, ఇయ్యలే. రెండు దినాలు ఏడ్చిండు." ముడి బిగించింది. "నీది ఆకలితోని పోలే బిడ్డా."

 

ఈరమ్మ పోయి రెండేళ్ళయింది. బడిలో నాలుగక్షరాలు నేర్చినదాన్నని ఊళ్ళో నెలల లెక్క ఇప్పుడు నన్నే అడుగుతారు. పొద్దున పక్కింటి కోడలు కన్నది. పిడికెడు బిడ్డ. వాళ్ళ అత్త చేట పట్టుకుని, ఎన్నో నెల అని నన్నడిగింది. వేళ్ళు మడిచి, చాలాసేపు ఆలోచించినట్టు ముఖం పెట్టి, ఏడు అన్నాను. అందుకే ఆ ఆముదం. నేను ఏడని చెప్పినవాళ్ళలో కొందరు నిలిచారు, కొందరు నిలవలేదు. నా లెక్కలో మాత్రం, ఈ ఊళ్ళో ఎనిమిదో నెలలో పుట్టినవాళ్ళు ఒక్కరూ లేరు.