తాబేళ్ల హాజరు పుస్తకం

సూర్యాపేట జిల్లాలో నక్షత్ర తాబేళ్ల చేత హాజరు పుస్తకంలో సంతకాలు పెట్టించిన మనిషి ఒక్కతే ఉంది. పేరు యమున. నమ్మబుద్ధి కాకపోతే సంతకాలు కావు, వేలిముద్రలు అనుకోండి. సరే, అవీ కావు. కానీ హాజరు పుస్తకం మాత్రం ఉంది. అట్ట ఊడకుండా దానికి రబ్బరు బ్యాండు కూడా ఉంది.

యమునది చివ్వెంల దగ్గరి తండా. నాన్న మంగ్త్యా మేకలు కాస్తాడు. ఎన్ని మేకలని అడిగితే చెప్పలేడు. ఇంటికి రానిది ఏదో మాత్రం దొడ్డి తలుపు వేసేలోగా చెబుతాడు. ముఖాలు చూసి చెబుతాడు. కూతురికి అది నామోషీ అనిపించి, మేకల మెడలకు అట్టముక్కల మీద నంబర్లు రాసి కట్టింది. వారం తిరిగేసరికి మేకలు ఒకదాని నంబరు ఒకటి నమిలేశాయి.

మిర్యాలగూడలో డిగ్రీ అయ్యాక ఆమెకు కోదాడ రోడ్డు మీద, దెబ్బతిన్న అడవి జీవాలను చేరదీసే కేంద్రంలో ఉద్యోగం దొరికింది. పని ఒక్కటే: వదిలిపెట్టిన ప్రాణి తర్వాత బతికి ఉందో లేదో చూసి రాయాలి.

అక్కడ మేత వేసే గట్టయ్యకు ఈ పని మొదటి రోజు నుంచే గిట్టలేదు.

"జీవాలకు మేత ఏసేటోన్ని నేనుంటి. ఇగ కాయితాలకు మేత ఏసేటందుకు మేడం వచ్చింది," అన్నాడు, ఆమెకు వినపడేలా.

"నువ్వేసిన మేత ఎవల కడుపులకు పోతుందో రాసుటానికే వచ్చిన కాకా," అంది యమున.

ఆ తర్వాత ఇద్దరూ ఒక కుండ నీళ్లు తాగలేదు.

ఒకసారి కోదాడలో ఓ బస్సులో దొంగచాటుగా తరలిస్తున్న సంచుల నిండా, డిప్పల మీద చుక్కలున్న నక్షత్ర తాబేళ్లు దొరికాయి. ముప్పై రెండు. యమున ఒక్కొక్క డిప్పకు ఫోటో తీసి, రంగుతో నంబరు వేసింది. కోలుకున్నాక వాటిని గట్టయ్య పొద్దున్నే బుట్టల్లో మోసుకెళ్లి, కేంద్రం వెనక కంచె వేసిన గుట్టలో వదిలాడు. ఆరు నెలలు ఎండనకా వాననకా ఆమె గుట్టంతా తిరిగింది. తాబేళ్లు కనిపించాయి గాని, నంబరున్నది ఒక్కటీ కనిపించలేదు. నంబరు లేనిది గుట్టలో పుట్టిందో, తాము వదిలిందో ఎలా తెలుస్తుంది? వదిలినవి ముప్పై రెండు, కనబడినవి సున్నా. సోమవారం హైదరాబాద్ నుంచి దీవెన మేడం తనిఖీకి వస్తుంది. ఆ సున్నా చూస్తే కేంద్రానికి తాళం పడుతుంది, యమున తిరిగి మేకల దగ్గరికి పోతుంది.

శుక్రవారం మరో అయిదింటిని వదలాలి. యమున ఆ పొద్దున అరగంట ముందే వచ్చింది. నల్లా దగ్గర గట్టయ్య గొంతుక్కూర్చుని, తాబేలు డిప్పను కొబ్బరి పీచుతో రుద్దుతున్నాడు. కుంకుడు నురగలో నీలిరంగు కారిపోతోంది.

"ఏం చేస్తున్నవ్?"

"కండ్లు లేవా? తానం పోస్తున్న."

"నంబర్లు పోతున్నయి కద!"

"పోవాలె. అత్తగారింటికి తోలే పిల్లను ఈపుకు రంగు పూసి తోల్తమా? మొన్నటి ముప్పై రెంటికీ పోసిన. వీటికీ పోస్త."

యమున నల్లా కట్టేసింది. "నీ కుంకుడుకాయలతోటి సెంటర్ ఖతం చేసినవ్! ఆర్నెల్లు నన్ను గుట్టలల్ల పిచ్చిదాని లెక్క తిప్పినవ్!"

"తిరిగినవ్ గని సూసినవా? నంబరు తప్ప నీ కంటికేం ఆనది. గుట్టకు నడువు, ఏది ఏదో నేను జెప్త."

వీడు ఉత్త అబద్ధాలకోరని తేల్చడానికే ఆమె నడిచింది. రేగు పొద కింద మొదటి తాబేలు కనిపించింది. గట్టయ్య వంగనైనా వంగలేదు.

"ఎడమ దిక్కు సుక్క చీలింది సూడు. సంచిల అడుగున వడి మూడ్రోజులు మెడ తియ్యలే, గదే ఇది."

యమున ఫోన్‌లో ఫోటోలు తిప్పింది. పదకొండో నంబరు. ఎడమ నక్షత్రం చీలే ఉంది. రెండోదీ సరిపోయింది. మూడోదైనా తప్పు చెబుతాడని ఎంతో ఆశపడింది, చెప్పలేదు. నాన్న మేకలు గుర్తొచ్చి ఆమెకు ఇంకా మండింది. ఆదివారానికి పంతొమ్మిది తేలాయి.

సోమవారం దీవెన మేడం తానే ఒక తాబేలును ఏరి గట్టయ్య ముందు పెట్టింది. ఆయన చెప్పాడు, ఫోటో సరిపోయింది. కేంద్రం నిలబడింది. యమున నివేదికలో రెండు వాక్యాలు రాసింది: నంబర్లు చెరిపినది గట్టయ్య. నంబర్లు లేకుండా గుర్తుపట్టినది గట్టయ్య.

"మొదటిది కొట్టెయ్," అన్నాడాయన, ఎవరితోనో చదివించుకుని వచ్చి.

"కొట్టెయ్య. తానాలు బందుచేస్తవా?"

"చెయ్య."

ఇప్పుడు హాజరు పుస్తకంలో పేజీకొక డిప్ప బొమ్మ ఉంది. గుట్టలో గట్టయ్య "వచ్చింది" అంటాడు, యమున టిక్కు పెడుతుంది. అంతకు మించి ఇద్దరి మధ్య మాటల్లేవు.

ఈ కథంతా వినిపిస్తే యమున ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకునే అంది:

"అంతా అబద్ధం. మా మేకలు నంబర్లు తినలే. గట్టయ్యకు తాబేలుకూ రాయికీ తేడా తెల్వది. గసొంటి పుస్తకమే లేదు."