గొడుగుల మీద తెల్ల ఇంకు

మీరిప్పుడు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో ఒక స్త్రీ పట్టుదల ఉంది, ఒక వీరుడి పతనం ఉంది, ఆకాశం విరుచుకుపడటం ఉంది. (వీరుణ్ణి నేనే. అందుకే పతనం తొందరగా వస్తుంది.) ఇంతా ఊరించి అసలు సంగతి దాచడం బాగోదు కాబట్టి చెప్పేస్తున్నాను: ఇది రబ్బరు స్టాంపుకి ఏ తెల్ల ఇంకు వాడాలన్న కథ. ఆ రోజుల్లో, అంటే తాతల కాలం కాదు లెండి, నాలుగేళ్ళ కిందట, డిగ్రీ ముగించుకుని, ప్రభుత్వం నన్ను పిలిచి ఏదో ఒక ఉద్యోగం ఇవ్వకపోతుందా అని ఎదురుచూస్తూ, యానాంలో మా బాబాయి జెరాక్స్ షాపులో కూర్చునేవాణ్ణి. ప్రభుత్వానికి తొందరేమీ లేకపోవడంతో రబ్బరు స్టాంపులు చెయ్యడం నేర్చుకున్నాను. ఊదారంగు ప్యాడు మీద ఒక అద్దు, కాయితం మీద ఒక గుద్దు. ఇంతకన్నా ఈ విద్యలో ఏమీ లేదని వారంలో తేల్చేసి, మనసులోనే నన్ను నేను మేనేజరుగా నియమించుకున్నాను.

ఒక మధ్యాహ్నం అగ్రహారం అత్త ఆటో దిగింది. ఆవిడ మాకు చుట్టం కాదు. వాళ్ళాయన ఆటోలో నేను బడికి వెళ్ళేవాణ్ణి కాబట్టి ఆయన మావయ్య, ఈవిడ అత్త. వాన పడితే మావయ్య ఆటో ఆపి, గొడుగు పట్టి, ఎక్కినవాళ్ళని గుమ్మం దాకా దింపి, ఒక్కోసారి గొడుగు వాళ్ళకే ఇచ్చేసి తడుస్తూ వచ్చేవాడు. ఆయన పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. అత్త వెనకే డ్రైవరు ఇరవై ఒక్క కొత్త నల్లగొడుగులు మోసుకొచ్చి బల్ల మీద పడేశాడు.

"వీటి మీద మీ మావయ్య పేరు కొట్టాలిరా. శుక్రవారం సంవత్సరీకం. ఆటో స్టాండులో వాళ్ళకీ, చుట్టాలకీ తలోటీ ఇచ్చి, ఒకటి నేనుంచుకుంటాను" అంది.

"దానిదేముంది అత్తా, ఇప్పుడే కొట్టేస్తాను" అని ప్యాడు మూత తీశాను.

"నల్లగొడుగు మీద ఊదారంగు ఎవడికి కనబడుద్దిరా? డిగ్రీ చదివేవా, గోదాట్లో కలిపేవా? తెల్లగా కొట్టు."

"పోనీ కాకినాడలో ప్రింటింగు వాళ్ళకి ఇవ్వచ్చు కదా?"

"వందుంటేనే చేస్తారంట. వంద మంది తెలిస్తే నేను ఎలక్షన్లో నిలబడేదాన్ని."

నాకు పోటీగా జోకులు వేసేవాళ్ళంటే నాకు గిట్టదు. నేనూ ఒకటి అందుకోబోతుండగా అత్త గొంతు తగ్గించింది. "ఇన్నేళ్ళు ఆటో తోలేడు. ఎనకాల అమ్మాయి పేరు రాయించేడు. అద్దం మీద నా పేరు. తనదెక్కడా లేదురా. ఓ పాలైనా నలుగురూ చదవాలి కదా?" నోటి దాకా వచ్చిన జోకుని మింగేశాను. (అలా మింగినవి నా జీవితంలో రెండే. రెండోది సందర్భం కాదు.)

మర్నాడు బాబాయి కాకినాడ నుంచి రెండు సీసాలు తెచ్చాడు. "ఇది కాయితానికీ గుడ్డకీ. ఇది ప్లాస్టిక్కీ ఇనుముకీ. ఏది దేనికో చూసుకుని వాడు" అని జెరాక్స్ మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను మొదటి సీసా తీసుకెళ్ళి మా పాత ఊదా ప్యాడు మీద పోశాను. మావయ్య పేరుతో చేసిన స్టాంపు అద్ది కొడితే, పేరు లేత వంకాయ రంగులో వచ్చింది. సరేనని పొడి ప్యాడు తీసి మళ్ళీ పోస్తే తేటనీళ్ళు వచ్చాయి. తెలుపంతా సున్నంలా సీసా అడుగున పడుకుని ఉంది. బాగా ఊపాక ఇంకు లేచింది. నల్ల అట్టముక్క మీద అచ్చు అద్భుతం. నా నల్ల చొక్కా అంచు మీద కూడా అద్భుతమే. ఆ ఊపులో బాబాయి హెల్మెట్ మీద కూడా ఒకటి వేశాను. మర్నాడు పొద్దున్న చూస్తే ఆరకుండా బాబాయి అరచేతికి అంటుకుంది.

"పోయినాయన పేరు నా చేతి మీదేంట్రా!" అని ఆయన గంతేశాడు.

రెండో సీసా మూత తీస్తే గోళ్ళరంగు వాసన గుప్పుమంది; అది హెల్మెట్ మీద చూస్తుండగానే ఆరిపోయింది. ఇక సిద్ధాంతం ఖాయం చేశాను: ప్లాస్టిక్కుకి వాసన సీసా, గుడ్డకి మంచి సీసా. గొడుగు గుడ్డే కదా! జారుడుగా ఉండి చుక్క నీళ్ళు పీల్చని గుడ్డ ఏం గుడ్డ అని ఆలోచించడం మేనేజర్ల పని కాదు. ఇరవై ఒక్క గొడుగుల మీదా పేరు కొట్టి, డాబా మీద విప్పి ఎండబెట్టి, గట్టిగా పరీక్షలు పెట్టాను. తెరిచాను, మూశాను, దులిపాను, ఫ్యాను గాలికి పెట్టాను. గొడుగు మీద నీళ్ళు పోసి చూడాలని మాత్రం నాకు తట్టలేదు.

శుక్రవారం భోజనాలయ్యాక అత్త ఒక్కొక్కరినీ పిలిచి గొడుగు చేతిలో పెట్టింది. అందరూ పేరు పైకి చదివారు. ఆవిడ మొహం చూసి, నాకు ప్రమోషన్ ఇచ్చుకుందామా అని ఆలోచిస్తున్నాను. అంతలో మబ్బు పట్టింది. స్టాండు డ్రైవర్లంతా ఉత్సాహంగా గొడుగులు విప్పుకుని రోడ్డెక్కారు. వాన పడింది. మావయ్య పేరు విప్పిన గొడుగులన్నిటి మీద నుంచీ పాలచారలై జారి, ఖాకీ చొక్కాల భుజాల మీదుగా, జేబుల్లోకి, అక్కణ్ణుంచి వీధి కాలవలోకి వెళ్ళిపోయింది. ఒక డ్రైవరు వెనక్కి తిరిగి, "ఏవండీ, మా వోడు కారిపోతన్నాడండీ!" అని అరిచాడు.

నేను అత్త ముందుకెళ్ళి నిలబడ్డాను. ఆవిడ వీధి వైపు చూసి, చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నవ్వుతోంది.

"అంతేరా ఆయన! చినుకు పడితే ఇంట్లో ఉండడు, వీధిలోకి పోతాడు" అని కళ్ళు తుడుచుకుని, వెంటనే గొంతు మార్చింది. "మళ్ళీ కొట్టు. ఈసారి పోకూడదు."

నేను వానలోనే స్టాండుకి పరుగెత్తి, గొడుగులు ఒకసారి తిరిగిమ్మని చుట్టాలతో సహా అందరినీ బతిమాలాను. మర్నాడు పొద్దున్నకి గొడుగులన్నీ షాపుకి చేరాయి. అత్త తనే వచ్చి చూసింది. "ఆయన చేతుల్తో ఇచ్చిన గొడుగు ఒక్కటీ తిరిగి రాలేదురా, ఇన్నేళ్ళలో" అంది. గొడుగు గుడ్డ కూడా ప్లాస్టిక్ జాతేనని తెలిసొచ్చింది కాబట్టి, నేను ఒక్కో గొడుగునీ స్పిరిట్‌తో తుడిచి, ఆరబెట్టి, వాసన సీసా ఇంకుతో పేరు కొట్టాను. బాబాయి బకెట్టుతో నీళ్ళు తెచ్చి పోశాడు. పేరు కదల్లేదు. ఇంకో బకెట్టు పోశాడు. కదల్లేదు.

అత్త తన గొడుగు విప్పి, అక్షరాల మీద వేలు పెట్టి నెమ్మదిగా చదువుకుంది. బయట మాడుతున్న ఎండ. మబ్బు అన్నది లేదు. ఆవిడ గొడుగు అలాగే పట్టుకుని, ఆటో వద్దని, మార్కెట్టు రోడ్డు పొడవునా నడిచి వెళ్ళింది. మలుపు తిరిగేదాకా పేరు కనబడుతూనే ఉంది. స్టాంపు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఆ ఇరవై రెండేళ్ళ మేనేజరుకి కళ్ళు చెమర్చాయి. బాబాయి అడిగితే ఇంకు ఘాటు అన్నాడు. ఇప్పుడు వాణ్ణి తలుచుకుంటే, భుజం మీద చెయ్యి వేసి ఏదైనా గొప్ప మాట చెప్పాలనిపిస్తుంది. నాకు తెలిసిన గొప్ప మాట మాత్రం ఒకటే: ఆ ఇంకు వాడిన వెంటనే స్టాంపుని కడుక్కోవాలి, లేకపోతే రబ్బరు ఉబ్బి పనికిరాకుండా పోతుంది.