నీలి సిరా చెల్లదు

ఆర్విల్ టిబెట్స్ గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. కాగితం మీద సంతకం పడందే లోకంలో ఏదీ జరిగినట్టు ఒప్పుకోరు. బయట ఎండగా ఉందని చెప్పినా "ఎవరు చూశారు, ఎన్నింటికి చూశారు" అని అడిగే రకం. ముప్పై ఒక్క ఏళ్లు డ్రైవింగ్ లైసెన్సుల ఆఫీసులో కౌంటర్ వెనక కూర్చున్న మనిషికి ఈ జబ్బు పట్టుకోవడంలో వింతేమీ లేదు. రిటైరయ్యాక కూడా ఆ జబ్బుకు సరిగ్గా సరిపోయే పని దొరకడమే వింత.

లాస్ ఏంజెలెస్‌లోని రెసీడా పేటలో, డోనట్ల కొట్టుకూ బట్టలుతికే షాపుకూ మధ్య ఆయన ఆఫీసు. పెద్దలకు మాత్రమే అనే వీడియోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టుకునేవాళ్ల రికార్డులకు ఆయన కాపలాదారు. వీడియోలో కనిపించే ప్రతి మనిషికీ వయసు రుజువు చేసే కార్డు ఉండాలి, ఇష్టపడే వచ్చానని సంతకం ఉండాలి. అదీ వీడియో తీయకముందే. ఎవరైనా తనిఖీకి వస్తే చూపించడానికి అవన్నీ ఒకచోట భద్రంగా ఉండాలి. ఆ ఒకచోటు ఆర్విల్ గారి ఇనప బీరువా. పదేళ్లలో ఒక్క తనిఖీ అధికారి కూడా ఆ గుమ్మం తొక్కలేదు. అయినా ఆయన రోజూ టై కట్టుకుని, తొమ్మిదింటికల్లా వచ్చి, పెళ్లివారి కోసం చూసినట్టు తలుపు వైపు చూస్తూ కూర్చుంటారు.

డెల్ఫీన్ ఓర్టెగా ఆరేళ్లుగా ఆయన దగ్గరికి వస్తోంది. కాలు ఒకచోట నిలవని మనిషి. కుర్చీ చూపిస్తే దాని చుట్టూ తిరుగుతుందే కానీ కూర్చోదు. అలాంటిదాన్ని అలాంటాయన దగ్గరికి పంపిన దేవుడికి కాస్త కొంటెతనం ఉండే ఉంటుంది.

వీడియోల్లో ఆమె పేరు మేడమ్ టాంజరీన్, అంటే కమలాపండు. మొదటిసారి వచ్చినప్పుడు, ఈ పనిలో ఉన్నవాళ్లందరూ చేసే పొరపాటే చేసి, అలవాటు కొద్దీ ఆ పేరుతోనే సంతకం పెట్టింది.

"ఈ టాంజరీన్ గారు నాకు తెలీదు. ఆవిణ్ణి రమ్మనండి" అన్నారు ఆర్విల్ గారు.

"నేనేనండీ ఆవిణ్ణి."

"మీ కార్డులో డెల్ఫీన్ అని ఉంది. డెల్ఫీన్ గారు వస్తే మాట్లాడతాను."

డెల్ఫీన్ పళ్లు నూరుకుంటూ బయటికి వెళ్లి మళ్లీ లోపలికి వచ్చింది. ఆయన లేచి నిలబడి, నవ్వకుండా, "రండి డెల్ఫీన్ గారూ. ఇందాక ఎవరో పండ్లావిడ వచ్చి వెళ్లింది" అన్నారు.

ఇంకోసారి ఒక వీడియోలో మూడు సెకన్లపాటు పిజ్జా తెచ్చినాయన చెయ్యి పడింది. చెయ్యి మాత్రమే.

"ఈ చెయ్యి ఎవరిది?"

"పిజ్జా ఆయనది. దానికి కూడా కాగితమా?"

"పేరూ ఊరూ లేని చెయ్యి నా బీరువాలోకి రాదమ్మా."

పిజ్జా ఆయన పేరు హాగోప్. ఏభై దాటినవాడు. పాపం కార్డు తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని, నాలుగు పేజీలూ చదివి సంతకం పెట్టాడు. తీసిన తర్వాత పెట్టిన సంతకం చెల్లదన్నారు ఆర్విల్ గారు. దాంతో పిజ్జా మళ్లీ తెప్పించి, తలుపు మళ్లీ తీసి, ఆ మూడు సెకన్లూ మళ్లీ తీశారు. ఈసారి హాగోప్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతికి గడియారం పెట్టుకుని మరీ వచ్చాడు.

కిందటేడు డెల్ఫీన్ పుట్టినరోజుకు అదే ఆఫీసులో నలుగురూ కలిసి కేకు పెట్టారు. ఆర్విల్ గారు కొవ్వొత్తులు లెక్కపెట్టి, బీరువా తెరిచి ఫైలు చూసి, "ఒకటి తక్కువుంది. తప్పుడు వయసు మీద కేకు కోస్తే నేను సాక్షిగా ఉండలేను" అని బయటికి నడిచారు. ఇంకో కొవ్వొత్తి కొనుక్కొచ్చి గుచ్చేదాకా అందరూ నోట్లో నీళ్లూరుతుంటే అలాగే నిలబడ్డారు.

ఇవన్నీ డెల్ఫీన్ నవ్వుకుంటూ పదిమందికీ చెప్పేది. కానీ ఆ శుక్రవారం మాత్రం ఆమెకు నవ్వు రాలేదు.

మణికట్టు విరిగి నెలరోజులుగా ఆమె కొత్త వీడియో ఏదీ పెట్టలేదు. ముప్పై రోజులు ఖాళీగా ఉంటే, వీడియోలు పెట్టే సైటువాళ్లు ఆమె పేజీని అట్టడుక్కి తోసేస్తారు. ఆరేళ్ల కష్టం ఎవరి కంటికీ ఆనకుండా పోతుంది. ఆ రోజే ముప్పయ్యో రోజు. అందుకే కోరిన్ హాడిక్స్‌ను వెంటబెట్టుకుని పదింటికే వచ్చింది. కోరిన్‌కు ముప్పై ఒకటి. పని పోయి, మూణ్ణెల్లుగా డెల్ఫీన్ ఇంట్లోనే ఉంటోంది. ఇద్దరూ కలిసి ఒక వీడియో చేద్దామని అనుకున్నారు. నిజానికి అనుకున్నది డెల్ఫీన్. కోరిన్ తలూపింది.

ఆర్విల్ గారు ఎవరినైనా సరే ఒంటరిగానే లోపలికి పిలుస్తారు. డెల్ఫీన్ డోనట్ల కొట్టు ముందు కారు తాళాలు గలగలలాడిస్తూ పచార్లు చేసింది. పావుగంటకు కోరిన్ బయటికొచ్చింది.

"కార్డు మూల విరిగిందట. పాస్‌పోర్టు తెమ్మన్నారు."

ఇంటికి పరుగు, వెనక్కి పరుగు. పన్నెండున్నరకు తలుపు మీద "భోజనానికి వెళ్లాను" అని పలక వేలాడుతోంది. దాని కింద తారీకు, టైము, సంతకం. ఒకటిన్నరకు కోరిన్ మళ్లీ లోపలికి వెళ్లి మళ్లీ బయటికొచ్చింది.

"నీలి సిరాతో సంతకం పెట్టానట. చెల్లదట. సోమవారం రమ్మన్నారు."

"సోమవారమా? సోమవారానికి నా పేజీ ఎక్కడుంటుందో ఆయనకేమైనా తెలుసా? నువ్విక్కడే ఉండు."

డెల్ఫీన్ తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

"ఏం మహానుభావా, నా కొంప ముంచితే గానీ మీకు నిద్ర పట్టదా?"

"కూర్చో అమ్మా."

"కూర్చోను. నల్ల పెన్ను ఇటివ్వండి, దాంతోనే పెట్టిస్తాను."

ఆర్విల్ గారు కదల్లేదు. డెల్ఫీనే బల్ల మీది గ్లాసులోంచి ఒక పెన్ను లాగింది. నీలిది. ఇంకోటి లాగింది. అదీ నీలిదే. గ్లాసు మొత్తం బోర్లించింది. పదకొండు పెన్నులు, పదకొండూ నీలివే.

"కోరిన్‌కు పెన్ను ఎవరిచ్చారు?"

"నేనే."

ఆమె బీరువా దగ్గరికి వెళ్లి తన ఫైలు తీసింది. ఆరేళ్ల సంతకాలు. ఒక్కటీ నల్లగా లేదు.

"ఆ పిల్లకు ఇష్టం లేదమ్మా" అన్నారాయన.

"ఇష్టమేనని నాతో చెప్పిందే."

"నాతోనూ చెప్పింది. తలుపు వైపు చూస్తూ చెప్పింది. ముప్పై ఒక్క ఏళ్లు కౌంటర్లో ఫోటోలు తీశాను. నవ్వమంటే నవ్వే మొహం నాకు తెలీదా? ఇష్టం లేదని నీ మొహాన చెప్పలేకపోతోంది, నీ ఇంట్లో ఉంటోంది కదా. ముసలాడు ఒప్పుకోలేదంటే ఎవరికీ బాధ ఉండదు."

డెల్ఫీన్ కూర్చుంది. రెండు రోజులుగా కోరిన్ సరిగ్గా తినలేదని, అడిగితే ఆకలి లేదందని, అడగకుండానే వంటిల్లు మూడుసార్లు కడిగిందని అప్పుడు గుర్తొచ్చింది. అదంతా హుషారనుకుంది తను. ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గుతో ఏం చెయ్యాలో తెలియక పెన్నులన్నీ ఏరి గ్లాసులో పెట్టింది.

"ఇలా ఎంతమందిని వెనక్కి పంపారు?"

"రాసుకోలేదు."

"మీరా? రాసుకోలేదా?"

"రాస్తే దొరికిపోనూ?"

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. "మరి నా పేజీ?"

ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీశారు. అన్నీ నింపి ఉన్నాయి. సంతకం, తారీకు తప్ప. "ఒక్కదానివే చేసుకుంటే నీ కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. సాయంత్రానికి పెట్టెయ్యొచ్చు. కానీ ముందు అడగాలి. నీకిష్టమేనా?"

ఆరేళ్లుగా ఆ ప్రశ్నకు డెల్ఫీన్ ఫోను చూసుకుంటూ "ఆ, ఆ" అనేది. ఈసారి ఫోను పక్కన పెట్టి, నిజంగానే ఆలోచించింది. ఆయన తొందరపెట్టలేదు.

"ఇష్టమేనండీ" అంది చివరికి, ఆయన కళ్లలోకి చూస్తూ. నీలి సిరాతో సంతకం పెట్టింది.

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ఈ సంగతి కోరిన్‌కు గానీ, ఇంకెవరికీ గానీ చెప్పను. రాసివ్వమంటారా?"

ఆర్విల్ గారు టై సర్దుకున్నారు. "వద్దమ్మా. నోటిమాట చాలు."

బయట కోరిన్ డోనట్ల పొట్లం ఒళ్లో పెట్టుకుని, విప్పకుండా కూర్చుని ఉంది.

"ఆ మొండిఘటంతో మనం పడలేమే. ఇక సోమవారం లేదు, మంగళవారం లేదు. నేనొక్కదాన్నే చేసుకుంటాను" అంది డెల్ఫీన్.

"అయ్యో" అంది కోరిన్. పాపం చాలా బాధగానే అంది. అంటూనే పొట్లం విప్పి, కారు ఎక్కేలోపు రెండు డోనట్లు తినేసి, మూడోది నీకు కావాలా అని మొహమాటానికైనా అడగలేదు.