బాలింత గదిలో గని బొగ్గు

రెండో కాన్పు తర్వాత నా భార్యను మా గని క్వార్టర్‌కే తెచ్చుకున్నాం. చలికాలం. బాలింతకు చల్లగాలి తగలకూడదని దమ్మపేట నుంచి వచ్చిన మా అత్త కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది. కుంపట్లో కట్టె నిప్పులు వేసి, గది కాస్త వేడెక్కగానే బయట పెట్టేది. మాటిమాటికీ నిప్పులు చేయడం నాకు విసుగనిపించింది. గని బొగ్గయితే పూటంతా ఆరదు. ఒక పొద్దున అది రాజేసి, గదిలో పెట్టి తలుపు మూశాను.

మా అత్త పెరట్లో పాపకు నీళ్లు పోస్తోంది. నేను మళ్లీ వెళ్లి చూస్తే నా భార్య పలకలేదు. వరండాలోకి మోసుకొచ్చాను. ఎవరినీ పిలవకముందే కుంపటి తీసుకెళ్లి ఇంటి వెనక బోర్లించాను. గాలి పరీక్షించనిదే గనిలో ఎవరినీ అడుగు పెట్టనివ్వని ఉద్యోగం నాది. నలుగురూ నవ్వుతారనుకున్నాను. దవాఖానాలో నీరసంతో పడిపోయిందని చెప్పాను.

తెలివొచ్చాక కొన్ని వారాలు బాగానే ఉంది. తర్వాత మాట తగ్గింది. పాప ఏడుస్తున్నా గోడవైపు చూస్తూ కూర్చునేది. ఉన్నట్టుండి కసిరేది, ఏడ్చేది.

"తిని కూసునుడేనా? గింత బద్ధకమా?" అన్నాను ఒకరోజు.

"బద్ధకం గాదయ్యా. ఆ పొగ పట్టిన కాడ్నుంచి నా తల నాది గాదు."

"పొగ ఏం జేస్తదే?" అంది మా అత్త. "మేమందరం కుంపటి పక్కన పండి లేసినోళ్లమే. నీకేదో సోకింది."

తాయెత్తు కట్టించింది. నేను కాదనలేదు. నాకది వీలుగా ఉంది.

ఖమ్మంలో మానసిక వైద్యురాలికి చూపించేసరికి పాప నడుస్తోంది, మా అత్త తిరిగి దమ్మపేట వెళ్లిపోయింది. కాన్పు తర్వాత ఎప్పుడైనా స్పృహ తప్పిందా అని ఆమె అడిగింది. నా భార్య నా వైపు చూసింది. ఇక్కడా దాస్తే మందు కూడా నా అబద్ధాన్ని నమ్మే రాస్తారు. బొగ్గు సంగతి చెప్పాను.

"మెదడుకు ఆక్సిజన్ అందకపోతే ఆ దెబ్బ మనసు మీద కూడా పడొచ్చు, ఒక్కోసారి ఆలస్యంగా. కాన్పు తర్వాత వచ్చే దిగులు కూడా కావచ్చు. ఏదన్నది ఇప్పుడే చెప్పలేను. బద్ధకం మాత్రం కాదు," అంది డాక్టరమ్మ.

బస్టాండులో నా భార్య అడిగింది.

"మా అమ్మ తాయెత్తు కట్టిన నాడు గూడ అది బొగ్గు పొగేనని నీకు ఎరికేనా?"

"అవ్."

"అయితే ఆమెకు నువ్వే చెప్పాలె. ఇయ్యాల్నే."

ఇంటికి వెళ్లే బస్సు వచ్చింది. ఎక్కలేదు. దమ్మపేట బస్సు ఆగే చోటికి ఆమె ముందు నడిచింది.