మావయ్యగారు కడిగిన నల్ల కారు

కారు కొనేటప్పుడు మా ఇంట్లో నేను తప్ప అందరూ తెల్లదే కొందామన్నారు. మామిడి తోటల మధ్య తిరిగే బండి, ఈ ఎండలు, ఈ దుమ్ము, ఇక్కడ నల్ల కారు ఎవరైనా కొంటారా అని మావారు అడిగారు. నూజివీడు శివారులోని మా ఇంటి నుంచి విస్సన్నపేట దగ్గరున్న బడికి రోజూ దాన్ని నడుపుకుంటూ వెళ్లాల్సింది నేను కాబట్టి, నల్లదే కొన్నాను.

పాస్టరుగారు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ప్రమాదాల నుంచి, పంక్చర్ల నుంచి, తాగి నడిపేవాళ్ల నుంచి కాపాడమని దేవుణ్ణి అడిగారు. నీళ్ల నుంచి కాపాడమని అడగాలని ఆయనకీ తోచలేదు, మాకూ తోచలేదు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మావయ్యగారు. అనేసి, ఇకనుంచి కారు కడిగే పని తనదేనన్నారు.

మావయ్యగారు మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర గొంతు మిగిలింది, క్రమశిక్షణ మిగిలింది, వాటిని ఉపయోగించడానికి పిల్లలు మాత్రం మిగల్లేదు. కొన్నాళ్లు పాలు పోసే అతనికి టైము విలువ నేర్పారు. అతను మా ఇంటికి పాలు పోయడం మానేశాడు. తర్వాత అత్తయ్యగారికి కూరగాయలు తరిగే పద్ధతి నేర్పబోయారు. ఆవిడ కత్తిపీట ఆయన ముందుకు జరిపి టీవీ చూడటానికి వెళ్లిపోయారు. అలాంటి రోజుల్లో కారు వచ్చింది. ఎదురు చెప్పదు, లేచి వెళ్లిపోదు.

సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన లుంగీ ఎగ్గట్టి, చేతిలో నీళ్ల పైపుతో గేటు దగ్గర సిద్ధంగా ఉండేవారు.

"నీడలో పెట్టనా మావయ్యగారూ?"

"వద్దమ్మా, ఎండలోనే ఉంచు. వేడి మీద ఉన్నప్పుడే మట్టి వదులుద్ది. మాడిన గిన్నె చల్లారాక తోమితే వస్తుందా?"

"పోనీ, కడిగాక గుడ్డతో తుడుస్తాను."

"గుడ్డ పెడితే గీతలు పడతాయి. దానంతట అదే ఆరాలి."

ఆయన చెప్పే తీరులో ఒక గొప్పతనం ఉంది. విన్నవాళ్లకి నోట్సు రాసుకోవాలనిపిస్తుంది. నేనూ తలూపి లోపలికి వెళ్లిపోయేదాన్ని. కాలుతున్న బానెట్ మీద బోరు నీళ్లు చుయ్యిమని ఆవిరయ్యేవి. ఆ శబ్దం వింటే పని బాగా జరుగుతున్నట్టే ఉండేది.

మామిడి పూతకి వచ్చేసరికి కారు ఒళ్లంతా తెల్లటి చుక్కలు లేచాయి. ఒక్కోటి శనగ గింజంత, చుట్టూ రింగుతో. తడిస్తే మాయమయ్యేవి, ఆరితే మళ్లీ తేలేవి. గోటితో గీకితే కొన్ని పొడిగా రాలేవి. కొన్ని పెయింట్‌లోకి దిగిపోయి, వేలికి చిన్న గుంటల్లా తగిలేవి. మా బళ్లో తెలుగు టీచరు కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"మీ కారుకి ఆటలమ్మ పోసిందాండి?" అంది.

ఆ మాట ఇంట్లో చెబితే మావయ్యగారు విచారణ మొదలుపెట్టారు. హెడ్మాస్టరు విచారణ ఎలా ఉంటుందంటే, తప్పు జరిగిన గదిలో ఆయన తప్ప మిగతా అందరూ అనుమానితులే. మొదటి అనుమానం మా పక్క తోట మీద పడింది. పూత మీద వాలే తేనెమంచు పురుగుకి ఆ రైతు మందు కొట్టించాడు. ఆ మందే గాలికి కొట్టుకొచ్చి కారు మీద పడిందని మావయ్యగారు తేల్చి, కంచె దగ్గరికి వెళ్లి పిలిచారు. నేనూ వెనకాలే వెళ్లాను.

రైతు ఓపిగ్గా విన్నాడు. "మాస్టారండీ, నేను కొట్టే మందుకి పురుగే సరిగ్గా చావట్లేదండీ. ఇక కారేం చస్తుంది?" అన్నాడు.

ఇదిలా ఉండగా ఇంట్లో వైద్యాలు మొదలయ్యాయి. మావారు టూత్‌పేస్టు రాశారు. చుక్కలు అలాగే ఉన్నాయి, వాటి మధ్య సన్నటి గీతలు కొత్తగా వచ్చాయి, కారు మాత్రం రెండు రోజులు పుదీనా వాసన వేసింది. అత్తయ్యగారు నిమ్మచెక్క పట్టుకొచ్చారు. "ఇదేమైనా రాగి చెంబా?" అని మావయ్యగారు అడ్డుపడ్డారు. చివరికి ఆయనకి కంపెనీ పెయింటే నాసిరకం అన్న నమ్మకం కుదిరింది. ఒక శనివారం నన్ను తీసుకుని విజయవాడ షోరూముకి బయలుదేరారు. దారి పొడుగునా కంపెనీని ఏమేం అడగాలో రిహార్సల్ వేశారు.

అక్కడ టై కట్టుకున్న ఒకాయన కారు చుట్టూ తిరిగి, చుక్కల మీద వేలు రాసి చూశాడు.

"కారు ఎవరు కడుగుతారు సార్?"

"నేనే. ఒక పద్ధతి ప్రకారం."

ఇప్పుడైనా అసలు కారణం తెలుస్తుందని నేను ఎదురుచూశాను. కానీ ఆయన మావయ్యగారి వయసు చూశాడు, ఇస్త్రీ చొక్కా చూశాడు, జేబులో ఉన్న పెన్ను చూశాడు. "మీరు కడగడం పర్ఫెక్ట్ సార్. ప్రాబ్లమంతా వాతావరణంలోనే ఉంది," అన్నాడు. తర్వాత సెరామిక్ కోటింగ్ గురించి అరగంట చెప్పాడు. అది వేయిస్తే వాతావరణం ఇక కారు జోలికి రాదట. ఆలోచించుకుని వస్తామని చెప్పి వచ్చేశాం. తిరుగు ప్రయాణంలో మావయ్యగారు ఎంతో ఉత్సాహంగా ఉన్నారు. "కుర్రాడు సబ్జెక్టు తెలిసినవాడమ్మా," అన్నారు. ఆ సాయంత్రం కారు ఇంకా ఎక్కువసేపు కడిగారు.

తర్వాతి వారం నేను ఎనిమిదో తరగతిలో కఠిన జలం గురించి చెబుతున్నాను. "లవణాలున్న నీరు ఆవిరైతే లవణాలు ఎక్కడికీ పోవు పిల్లలూ, తెల్లటి పొరలా అక్కడే మిగిలిపోతాయి," అంటూ కిటికీ వైపు తిరిగాను. బయట ఎండలో నా కారు నిలబడి ఉంది, ఒళ్లంతా పాఠమే. పాఠం అక్కడే వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్లాను. పిల్లలు మర్యాదగా ఎదురుచూశారు. మా బోరు నీళ్లతో కందిపప్పు ఉడకదని అత్తయ్యగారు క్యాన్ నీళ్లతో పప్పు వండుతారు. గీజరు రెండుసార్లు పాడైంది. ఇంటిల్లిపాదికీ తెలిసిన సంగతే, కారు దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ తట్టలేదు, సైన్సు చెప్పి జీతం తీసుకునే నాతో సహా.

సరే, కారణం దొరికింది. దాన్ని మావయ్యగారికి చెప్పేదెవరు?

"కారు నీది కదా, నువ్వే చెప్పు," అన్నారు మావారు.

"ఆయన మీ నాన్న కదండీ."

అత్తయ్యగారి వైపు చూశాం. "పెళ్లైన కొత్తలో ఒకసారి ఆయన చేసిన ఉప్మాలో ఉప్పెక్కువైందన్నాను. ఆ తర్వాత ఆయన వంటింట్లో అడుగు పెట్టింది లేదు. మీ ఇష్టం మరి," అన్నారావిడ.

నాకు ఒక ఉపాయం తోచింది. ఆ సాయంత్రం కారు దిగుతూనే, "మావయ్యగారూ, పిల్లలకి కఠిన జలం ఎంత చెప్పినా ఎక్కట్లేదు. ఏదైనా ప్రయోగం చేసి చూపించాలి. మీరైతే ఎలా చెప్పేవారు?" అని అడిగాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. పైపు కింద పడేశారు. "బోరు నీళ్లు కాసిని తీసుకో. క్యాన్ నీళ్లు కాసిని. రెండూ వేడి రేకు మీద చుక్కలు చుక్కలుగా వెయ్యి. ఆరనివ్వు. ఇక నువ్వు నోరు తెరవక్కర్లేదు."

"వేడి రేకు ఎక్కడుంది?"

ఆయన చుట్టూ చూసి, తన ముందే ఉన్న బానెట్ మీద చెయ్యి పెట్టి చూశారు. స్పూన్లు తెప్పించారు. ఎడమ వైపు చుక్కలు లేని కాస్త జాగా వెతికి బోరు నీళ్లు వేశారు, పక్కనే క్యాన్ నీళ్లు. ఇద్దరం నిలబడి చూశాం. క్యాన్ నీళ్ల చుక్క జాడ లేకుండా పోయింది. దాని పక్కన చక్కటి తెల్ల రింగు తయారైంది. ఆయన కళ్లజోడు సర్దుకుని దాన్ని చూశారు. తర్వాత మిగతా బానెట్ చూశారు. పైకప్పు చూశారు. పైపు చుట్టి గోడకి తగిలించి లోపలికి వెళ్లిపోయారు. ఆ పూట కారు కడగలేదు. నాకు గెలిచినట్టు అనిపించలేదు. భోజనం దగ్గర ఆయన పెరుగు కూడా వేసుకోకుండా లేచిపోతే, ఎందుకు చేశానా అనుకున్నాను.

మర్నాడు నేను కారు తీస్తుంటే కిటికీ దగ్గరికి వచ్చారు. "ఎనిమిదో తరగతి పేరు చెప్పి నాకు పాఠం చెప్పావు."

నేను ఇంజిన్ ఆపాను.

"బాగానే చెప్పావమ్మా," అని వెళ్లిపోయారు.

ఆ ఆదివారం ఆయనే వెనిగర్ తెచ్చారు. నీళ్లు కలిపి, నీడలో, చల్లారిన కారు మీద కొంచెం కొంచెంగా అద్ది, వెంటనే క్యాన్ నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో ఒత్తారు. పైపైన పేరుకున్న తెలుపు పోయింది, గుంటలు పోలేదు. వాటికోసం టౌన్లో పాలిష్ షాపుకి తీసుకెళ్లాం. మెషీన్ పెట్టి తిప్పితే చాలా వరకు పోయాయి. పైకప్పు మీద లోతుగా దిగిన కొన్నింటిని మాత్రం, ఇంకా రుద్దితే పెయింట్ మీది పూత లేచిపోద్దని షాపతను వదిలేశాడు. పైకప్పు చూసేది కొబ్బరి చెట్టెక్కినవాళ్లే కదా అని మావారు ఓదార్చారు.

ఇక చర్చి దగ్గర మావయ్యగారి ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఆరాధన అయ్యాక బయట నిలిపిన కార్ల మధ్య తిరుగుతూ, "బోరు నీళ్లేనా? ఎండలో కడుగుతున్నారా?" అని అడుగుతారు. ఈ సంగతి తాను మొదటి నుంచీ అనుమానిస్తూనే ఉన్నానని, విజయవాడ షోరూము వాళ్లకే తెలియలేదని చెబుతారు. సంఘపెద్ద కాబట్టి ఎవరూ కాదనరు. పాస్టరుగారు మాత్రం ఈ మధ్య కారు రెండు వీధుల అవతల పెట్టి నడిచి వస్తున్నారు.

మా కారు కడిగే వేళ కూడా మారింది. ఇప్పుడు పొద్దున్నే, ఎండ రాకముందే. కడిగాక ఒక్క చుక్క కూడా మిగలకూడదు. అద్దాల సందుల్లో, నంబరు ప్లేటు వెనక, తలుపు అంచుల్లో గుడ్డ దూర్చి తుడిచేదాకా ఆయన నాకు తాళం ఇవ్వరు. ప్రేయర్ బెల్లు అయిపోయాక నేను బడికి చేరుతున్నాను. మొన్న మా బడి హెడ్మాస్టరుగారు పిలిచి, రోజూ ఎందుకు లేటవుతోందని అడిగారు. కారు ఆరలేదండీ అన్నాను. ఆయన కిటికీలోంచి కారు వైపు చూసి, వెళ్లమన్నారు.